చివరి వరుస చదివాను

జూన్ 3, సోమవారం

పొద్దున షాపు షట్టరు ఎత్తుతుంటే ఎడమ కంటి కొసలో ఏదో తళుక్కుమంది. ఎవరో ఫోటో తీశారేమో అనుకుని అటు తిరిగాను. ఎవరూ లేరు. ఎదురుగా తాళాలు బాగుచేసే ఆయన స్టూలు మీద కూర్చుని నోరంతా తెరిచి ఆవలిస్తున్నాడు. ఆ తరవాత మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. భోజనం చేసి వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను ముందు కూర్చున్నాక, తెల్లగోడ మీద మసి నలుసులు తేలుతూ కనిపించాయి. తుడుద్దామని తడిగుడ్డ తీసుకుని లేచాను. గోడ మీద ఏమీ లేదు. నలుసులు నా చూపుతో పాటే కదులుతున్నాయి.

వెంటనే పరీక్ష గదిలోకి వెళ్ళి, కుడి కన్ను అరచేత్తో మూసుకుని అక్షరాల బోర్డు చదివాను. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్న బోర్డు, నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాను. అందుకని బీరువాలోంచి పాత బోర్డు తీసి, అది తగిలించి మళ్ళీ చదివాను. చివరి వరుస చదివాను. ఒక్క అక్షరం తప్పలేదు.

ఏమీ లేదన్నమాట.

ఇంట్లో ఆయనకు చెబితే కంగారు పడతారు. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నేను కంగారు పడేలా ఉన్నాను. అందుకని ఈ నోటుపుస్తకం. దీన్ని షాపు సొరుగులో ఫ్రేముల అట్టపెట్టెల కింద దాస్తాను. ఓనరుగారు కూతురి పురుడని ఊరెళ్ళారు, మూడు వారాల దాకా రారు. కళ్ళు పరీక్ష చేసేదీ నేనే, అద్దాలు కోసేదీ నేనే, షట్టరు దించేదీ నేనే. ఇలాంటప్పుడే కంటికి మెరవాలని బుద్ధి పుట్టింది.

జూన్ 4, మంగళవారం

నలుసులు ఉన్నాయి. మెరుపు లేదు. ఎండ మండిపోతోంది, దానివల్లే.

జూన్ 6, గురువారం

మెరుపు ఎండవల్ల కాదు. పొద్దున చీకటి స్నానాలగదిలో మొహం కడుక్కుంటుంటే మూడుసార్లు మెరిసింది.

మసక అంటూ మా షాపుకు రోజుకు పదిమంది వస్తారు. మనిషి మెట్లెక్కి కూర్చునే లోపలే సంగతేమిటో నాకు సగం తెలిసిపోతుంది. పేపరును చెయ్యి చాచి పట్టుకునేవాళ్ళకు నలభై దాటాయి, అంతే. కంప్యూటరు ముందు రెప్ప వెయ్యకుండా కూర్చునే గుమాస్తాకు కన్ను పొడిబారింది. రాత్రి ఎదురొచ్చే బండి దీపం చుట్టూ వెలుగు పువ్వులా విచ్చుకుంటోందన్న పెద్దావిడకు శుక్లం. పోయిన నెల ఒకాయన మూడు వారాల్లో మూడు రకాల పవరుతో వస్తే, అద్దాలు తరవాత, ముందు షుగరు చూపించుకోండని పంపేశాను. అది షుగరే. వెతుక్కుంటూ వచ్చి మరీ దణ్ణం పెట్టి వెళ్ళాడు. అంత తెలివైనదాన్ని నేను.

ఓనరుగారు తన చేత్తో రాసి గోడకు అంటించిన కాగితం ఒకటుంది. 'వీళ్ళకు అద్దాలు అమ్మకండి, ఈ రోజే కంటి ఆస్పత్రికి పంపండి' అని పైన ఎర్రసిరాతో రాశారు. ఉన్నట్టుండి ఒక కంటి చూపు పోయినవాళ్ళు. కన్ను ఎర్రబడి, తలనొప్పితో వాంతులవుతున్నవాళ్ళు. చూపు మసకబారడంతో పాటు మాట ముద్దగా వచ్చి, మూతి పక్కకు లాగుతున్నవాళ్ళు. ఆ కాగితం మీద దుమ్ము వారానికోసారి తుడిచేది నేనే. ఇవాళ తుడుస్తూ నాలుగో పంక్తి దగ్గర ఆగిపోయాను. మెరుపులు, కొత్తగా నలుసులు, పక్కనుంచి నీడ.

అందులో మూడున్నాయి. నాకు రెండే.

చివరి వరుస చదివాను. ఇవాళ రెండుసార్లు.

జూన్ 8, శనివారం

కాస్త అలికినట్టు కనిపిస్తోందంటే పవరు పెరిగి ఉంటుందని ఇవాళ తట్టింది. నాకు చిన్నప్పటినుంచీ మైనస్ తొమ్మిది. సోడాబుడ్డి కళ్ళు అని బళ్ళో పేరు పెట్టారు, ఆ పేరుతోనే ఇంతదాన్నయ్యాను. పవరు పెరగడం నాకు కొత్తా ఏమిటి? ఎడమ కంటికి అర పాయింటు పెంచి కొత్త అద్దం కోసుకున్నాను. మంచి రాయి మీద అంచు నున్నగా తీసి, ఫ్రేములో కూర్చోబెట్టి, తుడిచి పెట్టుకుని చూశాను. బాగానే ఉంది. బాగుందనే అనుకుంటున్నాను.

సాయంత్రం ఆయన పట్టేశారు. ఆయన లిఫ్టు మెకానిక్కు. ఏ స్క్రూ కొత్తదో ఏది పాతదో చూడగానే చెబుతారు.

"ఏంటి, ఎడమ కంటికి కొత్త బట్టలు కుట్టించావా?"

"పవరు కొంచెం మారింది."

"కుడి కన్ను అలగదూ మరి?"

నవ్వాను. నవ్వుతుంటే మెరిసింది.

జూన్ 9, ఆదివారం

షాపు సెలవు. నోటుపుస్తకం కోసమని తాళం తీసుకుని వచ్చి కూర్చున్నాను. దులపాల్సినవి ఉన్నాయని ఇంట్లో చెప్పాను.

నాన్న గురించి రాయకూడదనుకున్నాను. పొద్దుటినుంచీ ఆయనే గుర్తొస్తున్నారు.

నాన్నవీ ఇలాంటి అద్దాలే. నాకు పన్నెండేళ్ళప్పుడు ఆయన ఒక కంటికి తెర అడ్డం వచ్చింది. ఎప్పుడు మొదలైందో నాకు సరిగ్గా తెలియదు, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళే నాటికి ఆ కంటితో వెలుతురు తెలిసేది, మనిషి నీడ తెలిసేది. ఆపరేషన్ చేశారు. కట్టు విప్పాక ఆ వెలుతురు కూడా లేదు. కత్తి పెట్టకపోయినా ఆ కాస్తా మిగిలేది అని అమ్మ పోయేదాకా అంటూనే ఉంది. నాలుగేళ్ళ తరవాత రెండో కన్నూ అలాగే అయింది. ఆస్పత్రి మాటెత్తితే నాన్న మంచం కోడు పట్టుకుని కూర్చునేవారు. ఇక అంతే. గోడ తడుముకుంటూ నడిచేవారు. ఆయన చెయ్యి తగిలి తగిలి, నడవాలో గోడ మీద నడుమెత్తున సున్నం నల్లబడి నున్నగా అయిపోయింది.

నాకు భయంగా ఉంది. ఇక్కడ ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నాను. ఆస్పత్రికి వెళితే కత్తి పెడతారు. కత్తి పెడితే పోతుంది.

ఇప్పుడైతే చివరి వరుస చదువుతున్నాను కదా.

జూన్ 11, మంగళవారం

టైలరు అన్నయ్య వచ్చాడు. రెండు వీధుల అవతల కోట్లు కుడతాడు. సొంత అన్నేమీ కాదు. పదిహేనేళ్ళుగా ఆయన అద్దాలు నేనే చేస్తాను, ఆయన నన్ను చెల్లమ్మా అంటాడు. ఆయనదీ నాదీ దాదాపు ఒకటే పవరు. మన ఇద్దరి అద్దాలూ తారుమారైనా సంసారాలు సాగిపోతాయి అని ఎప్పుడూ నవ్వించేవాడు. ఇవాళ ఆ మాట అనలేదు. కుర్చీ అంచున కూర్చుని టోపీ చేతుల్లో తిప్పుతూ ఉన్నాడు.

"కుడి కంట్లో ఏవో ఈగలు తిరుగుతున్నాయి చెల్లమ్మా. నాలుగైదు రోజులైంది. పక్కన మెరుస్తోంది కూడా. నిన్నటినుంచి కింద అంచున కొంచెం నల్లగా, గుడ్డ మడత పడినట్టు..."

గోడ మీది కాగితం ఆయన తల వెనకే ఉంది. ఆయనకు మూడూ ఉన్నాయి.

"సూదిలో దారం ఎక్కుతోందా?" అని అడిగాను.

"అది భేషుగ్గా ఎక్కుతోంది. అందుకే అర్థం కావడం లేదు."

ఎడమ కన్ను మూయించి బోర్డు చదివించాను. చివరి వరుస గడగడా చదివేశాడు.

"డాక్టరు దగ్గరికి పోవాలంటావా?"

ఆ మాట అడిగినప్పుడు ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు. పొమ్మంటే? ఆయన పోతాడు. వాళ్ళు ఏం చెబుతారో వచ్చి నాకు చెబుతాడు. అప్పుడు నాకూ తెలిసిపోతుంది.

"దారం ఎక్కుతుంటే ఇంకేం కావాలి అన్నయ్యా? కన్ను పొడిబారింది. పొద్దస్తమానం నల్లగుడ్డ మీద కుట్టు చూస్తే ఎవరికైనా అంతే. చుక్కలమందు ఇస్తాను, రోజుకు నాలుగుసార్లు వెయ్యండి. పవరు కూడా పావు పెంచి అద్దాలు చేసి ఉంచుతాను, శనివారం రండి."

ఆయన మొహం విప్పారింది. టోపీ పెట్టుకుని, మందుసీసా జేబులో వేసుకుని, మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి మరీ నవ్వాడు.

నేను చెప్పింది అబద్ధం కాదు. చాలామందికి పొడి కన్నే ఉంటుంది.

జూన్ 12, బుధవారం

దారం ఎక్కుతోందన్నాడు కదా.

జూన్ 13, గురువారం

ముక్కు పక్కన కింద, ఎడమ కంట్లో, చిన్న నీడ. ఫ్రేము ముక్కు దగ్గర ఆనే బుడిపె పాతబడి నల్లగా కనిపిస్తోందేమోనని రెండు బుడిపెలూ మార్చాను. తెల్లటివి, కొత్తవి. నీడ ఉంది. ఫ్రేము అంచు మందంగా ఉందని సన్నటి ఇనుప ఫ్రేములోకి అద్దాలు మార్చాను. అప్పటికి మధ్యాహ్నమైంది. ఎవరో వచ్చి బెల్లు కొట్టి కొట్టి వెళ్ళిపోయారు.

సన్నటి ఫ్రేములో కూడా ఉంది. కొంచెం తగ్గినట్టే అనిపించింది.

జూన్ 14, శుక్రవారం

అంచే లేని ఫ్రేము తెచ్చాను. అద్దాలకు చిల్లి వేసి తీగ బిగించే రకం. నా మందం అద్దాలకు అది నప్పదు, అంచులు గాజుపెంకుల్లా కనబడతాయి, ఎవరికైనా అయితే వద్దని నేనే చెబుతాను. అయినా చేశాను. రెండు గంటలు పట్టింది. పెట్టుకున్నాను.

నీడ ఉంది.

అద్దాలు తీసేసి చూశాను. అంతా మసక, ఆ మసకలోనే ఆ మూల నల్లగా ఉంది.

మిషను పక్కన నేల మీదే చతికిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. తరవాత లేచి పరీక్ష గదిలోకి వెళ్ళి చివరి వరుస చదివాను. చదివాను, చదివాను. నాలుగు బోర్డులూ మార్చి చదివాను. నడిమిన అంతా ఉంది. అక్షరం అక్షరంలాగే ఉంది. పోయే కన్ను ఇలా చదువుతుందా?

జూన్ 15, శనివారం

అన్నయ్య అద్దాల కోసం వచ్చాడు. లోపలికి వస్తూ గడప దగ్గర బరువు చూసే మిషనుకు మోకాలు కొట్టుకున్నాడు. నవ్వేసి, "మీ షాపులో సామాను పెరిగింది చెల్లమ్మా" అన్నాడు. ఆ మిషను పదేళ్ళుగా అక్కడే ఉంది.

కొత్త అద్దాలు పెట్టి చెవుల దగ్గర కాడలు సరిచేశాను.

"ఆ నల్లమడత పైకి లేచింది. ఇదిగో, ఇక్కడిదాకా." చెయ్యి అడ్డంగా తన గడ్డం కింద పెట్టి చూపించాడు. "నీ మొహం చూస్తుంటే నీ మెడ కనబడదు. చుక్కలు మాత్రం తప్పకుండా వేస్తున్నాను. తగ్గుతుందన్నావు కదా?"

బోర్డు చదివించాను. ఆ కంటితో చివరి వరుస చదివాడు. నెమ్మదిగా చదివాడు, కాని అంతా చదివాడు.

నేను నా కుడి కన్ను మూసుకుని ఆయన్ను చూశాను. ఆయన కోటు కింది బొత్తాలు నాకు లేవు. ఇద్దరం ఒకరి ఎదురుగా ఒకరం కూర్చున్నాం, ఇద్దరి చూపులోనూ ఒకే రకం చిల్లి. నోటి దాకా వచ్చింది. ఆస్పత్రి ఎంత దూరం, రెండు స్టాపులు. పదండి అన్నయ్యా, నేనూ వస్తాను అంటే సరిపోయేది.

"రేపు ఆదివారం, డాక్టర్లు ఉండరు. సోమవారం ఒకసారి కనబడండి, చూద్దాం" అన్నాను.

ఆదివారం అత్యవసర విభాగం తెరిచే ఉంటుందని గోడ మీది కాగితంలోనే రాసి ఉంది.

సోమవారం చూద్దాం.

జూన్ 16, ఆదివారం

ఆస్పత్రి. రాయొద్దు, కదలొద్దు, ఎడమవైపు ఒత్తిగిలి పడుకోమన్నారు. రేపు పొద్దున ఆపరేషన్. నాకు. టైలరు అన్నయ్యకు కూడా.

నాన్నా, నాకు భయమేస్తోంది.

జూన్ 29, శనివారం

పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. కుడి కంటితో. ఎడమ కంట్లో గాలి నింపారు, అది కరిగేదాకా నీళ్ళడుగునుంచి చూసినట్టే ఉంటుందన్నారు. పది రోజులు బోర్లా పడుకుని నేల పలకలు లెక్కపెట్టాను. ఆయన నాకోసం పీటకు చిల్లి చేసి, దాని చుట్టూ దూది కుట్టి, మొహం ఆనించుకోవడానికి ఇచ్చారు. "ఇదిగో, మొహానికి కమోడు" అన్నారు. నవ్వకూడదు, కళ్ళు అదురుతాయి. నవ్వాను.

ఆపరేషన్ ముందురోజే నోటుపుస్తకం ఎక్కడుందో ఆయనకు చెప్పి ఆస్పత్రికి తెప్పించుకున్నాను. చదివారో లేదో అడగలేదు. చదివే ఉంటారు. పీట తయారయింది ఆ మర్నాడే.

ఆ ఆదివారం గురించి రాయాలి.

పొద్దున ఆయన టీ తెచ్చి నా ఎడమపక్కన బల్ల మీద పెట్టారు. చెయ్యి చాచాను, కప్పు బోర్లా పడింది. ఆయన గుడ్డ తీసుకోలేదు. నా ఎదుట గొంతుక్కూర్చున్నారు.

"కుడి కన్ను మూసుకో. నా మొహంలో ఏం కనబడుతోంది?"

"నుదురు. కళ్ళు. ముక్కు."

"మూతి?"

కుడి కన్ను మీంచి చెయ్యి తీసేశాను.

"ఎన్నాళ్ళయింది?"

"పదిహేను రోజులు."

ఆయన అరుస్తారనుకున్నాను. అరవలేదు. "లిఫ్టు తాడులో ఒక్క పోగు తెగితేనే మేం లిఫ్టు ఆపేస్తాం. మిగతావి ఉన్నాయిగా, నడుస్తోందిగా అనుకోం. నువ్వు నాకు చెప్పకుండా పదిహేను రోజులు అందులో ఎక్కి తిరిగావు. పద."

చెప్పులు వేసుకుంటుంటే అప్పుడు చెప్పాను, టైలరు అన్నయ్య సంగతి. ఆయన నా వంక చూసిన చూపు రాయలేను. "ముందు అతని దగ్గరికి" అన్నారు.

అన్నయ్య షాపు వెనకే వాళ్ళిల్లు. తలుపు తెరిచే ఉంది. బల్ల ముందు నిలబడి తల ఒకవైపు వాల్చి కుట్టుగుడ్డను వేళ్ళతో తడుముతున్నాడు. నన్ను చూసి అదే నవ్వు.

"నువ్వే వచ్చావా? రేపు నేనే వద్దామనుకుంటున్నాను. నిద్ర లేచేసరికి నడిమిన కూడా మూసుకుపోయింది చెల్లమ్మా. చుక్కలు ఎక్కువ వెయ్యనా?"

మా ఆయనే "కోటు తొడుక్కోండి, ఆస్పత్రికి వెళ్దాం" అన్నారు.

డాక్టరమ్మ చిన్నవయసు. నుదుటికి దీపం కట్టుకుని అన్నయ్య కంట్లోకి చాలాసేపు చూసింది. నేను పక్క కుర్చీలో, మందు వేసిన కళ్ళతో కూర్చున్నాను.

"నీడ ఎప్పుడు మొదలైంది?"

"ఆరు రోజులు అమ్మా."

"నిన్న ఈ కంటితో అక్షరాలు కనిపించాయా?"

"చివరి వరుస చదివాను" అన్నాడు, గర్వంగా.

ఆమె దీపం ఆపేసింది. "కంటి వెనక చూపునిచ్చే పొర ఊడి వస్తుంది, గోడ మీది కాగితం తడికి ఊడినట్టు. ముందు పక్కలు ఊడతాయి. అక్షరాలు చదివేది నడిమి భాగం, అది ఆఖరున ఊడుతుంది. అది అంటుకుని ఉండగా వస్తే చూపు చాలావరకు కాపాడొచ్చు. మీది నిన్నటిదాకా అంటుకునే ఉంది. ఎవరికీ చూపించలేదా ఇన్ని రోజులూ?"

అన్నయ్య టోపీ చేతుల్లో తిప్పాడు. "బద్ధకించానమ్మా" అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. నేను మాట్లాడలేదు.

తరవాత నా వంతు. నాకు నడిమి భాగం ఇంకా అంటుకునే ఉందిట, నీడ దాని పక్కదాకా వచ్చిందిట. రేపు పొద్దున మొదటి ఆపరేషన్ మీదే అంది. నేను ఏడ్చేశాను. మా నాన్నకు కోశాకే పోయిందని చెప్పాను, నాకు వద్దన్నాను.

"ఎన్నాళ్ళకు తీసుకొచ్చారు ఆయన్ని?"

"ఆర్నెల్లకు అనుకుంటాను."

"కత్తి తియ్యలేదమ్మా ఆయన కన్ను. ఆర్నెల్లు తీశాయి."

ముప్ఫై ఐదేళ్ళుగా మా ఇంట్లో నేరం మోసిన కత్తి. ఎవరూ ఒక్కసారి కూడా రోజులు లెక్కపెట్టలేదు.

జూలై 13, శనివారం

గాలి కరిగిపోయింది. పైనుంచి గీత దిగుతూ దిగుతూ, నిన్న చిన్న బుడగై అడుగున దొర్లి, ఇవాళ లేదు. డాక్టరమ్మ బోర్డు చదివించింది. చివరినుంచి రెండో వరుస చదివాను. కుడి కంటికి పొర పలచబడిన చోట లేజరు కొట్టారు, ముందుజాగ్రత్త. ఇకమీద నలుసు కనబడినా సరే అదే రోజు రావాలని నా చేత మూడుసార్లు అనిపించింది.

అన్నయ్య సంగతి అడిగాను. పొర అతికిందంది. నడిమిన చూపు ఎంత తిరిగొస్తుందో చెప్పలేం అంది.

జూలై 15, సోమవారం

షాపుకు వెళ్ళాను. ఓనరుగారు నన్ను కూర్చోబెట్టి అద్దాలు తానే కోశారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. వచ్చేటప్పుడు టైలరు వీధి మీదుగా రాకుండా చుట్టూ తిరిగి వచ్చాను.

జూలై 16, మంగళవారం

చుట్టూ తిరిగే వెళ్ళాను.

జూలై 24, బుధవారం

అదే దారి. ఆయన ఏమీ అనడం లేదు. రోజూ పావుగంట ఆలస్యంగా వస్తున్నా అడగడం లేదు.

ఆగస్టు 17, శనివారం

ఇవాళ వెళ్ళాను.

అన్నయ్య పెద్ద బల్ల మీద బూడిదరంగు గుడ్డ పరిచి ఉన్నాడు. గోడవైపు వాళ్ళావిడ కూర్చుని సూదులన్నిటికీ దారాలు ఎక్కించి వరసగా దిండుకు గుచ్చుతోంది. నన్ను చూసి లేచి, మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళింది.

"రా చెల్లమ్మా. ఎలా ఉంది కన్ను?"

"అన్నయ్యా, మీరు మంగళవారం వచ్చారే, ఆ రోజే నాకు తెలుసు." ఆగితే మళ్ళీ చెప్పలేనని గబగబా అనేశాను. "అది పొడి కన్ను కాదని తెలుసు. గోడ మీద రాసి ఉంది. మీకున్నదే నాకూ ఉంది. మిమ్మల్ని పంపితే నా సంగతీ బయటపడుతుందని పంపలేదు. శనివారం కూడా తెలుసు. శనివారం తీసుకెళ్ళి ఉంటే మీ కన్ను ఉండేది."

ఆయన గుడ్డ మీది ముడత అరచేత్తో చదును చేస్తూనే ఉన్నాడు. చాలాసేపు చేశాడు. ముడత ఎప్పుడో పోయింది.

"నేను ఆ మంగళవారం ఆస్పత్రి గేటు దాకా వెళ్ళాను" అన్నాడు చివరికి. "లోపలికి పోతే నిజం చెబుతారని భయమేసింది. వెనక్కి తిరిగి నీ దగ్గరికొచ్చాను. నువ్వయితే ఏమీ లేదంటావని వచ్చాను. నువ్వూ అలాగే అన్నావు."

నేను తలెత్తలేదు.

"అలాగని కోపం లేదనుకోకు. ఉంది. పొద్దున లేచి ఈ కంటితో గీత గీస్తే పాములా వంకర పోతుంది. ఆ కన్ను మూసుకుంటే గీత బాగుంటుంది గాని సూది ఎంత దూరంలో ఉందో తెలియదు, వేళ్ళన్నీ పొడుచుకున్నాను. అప్పుడు నువ్వు గుర్తొస్తావు. నేను భయపడి అడిగాను, నిజమే. నువ్వు చెప్పాల్సింది."

"చెప్పాల్సింది" అన్నాను.

ఆయన మెడలోని టేపు తీసి గుడ్డ మీద పరిచాడు. ఒక కొస ఆయన పట్టుకుని, అవతల టేపు మీద ఒక చోట నా వేలు పెట్టించాడు.

"కుడి కన్ను మూసుకో. ఆపరేషన్ అయిన కంటితో చూడు. నీ వేలు దగ్గర ఎంత ఉంది?"

ఆయనకు కనబడక అడగలేదు. ఆయన ఎడమ కన్ను లక్షణంగా ఉంది, ఆ అంకె ఆయనే చదవగలడు. నాకు ఏం మిగిలిందో చూడాలనుకున్నాడు. నేను కుడి కన్ను మూసుకున్నాను. టేపు మీద అంకెలు కొంచెం చిన్నవిగా, కొంచెం పాలిపోయి, కాని పూర్తిగా ఉన్నాయి. అంకెల మధ్య సన్నగీతలు కూడా ఉన్నాయి. తిన్నగా ఉన్నాయి. కనబడటం లేదు అన్నయ్యా, అందామనుకున్నాను. అంటే ఆయనకు కాస్త ఊరటగా ఉంటుందేమో, నాకు కూడా. ఆ మాట నాలుక మీదికి వచ్చింది, ఎంత తేలిగ్గా వచ్చిందో.

"నలభై రెండున్నర" అన్నాను.

"సరిగ్గా చూశావా?"

"చూశాను. నలభై రెండున్నర."

ఆయన టేపు వంక చూడలేదు. నా వేలు ఉన్న చోట సుద్దతో గీత గీశాడు. తరవాత ఇంక కొలవకుండా కత్తెర అందుకున్నాడు.